ఇనపక్క గొంతు

మార్చి 4, సోమవారం

నా బతుకు ఇవాళ్టితో ధన్యమైంది. రౌడీరాణి వేషం వచ్చింది. వేషం కూడా కాదు, దాని గొంతు.

ఫోన్ చేసినవాడికి ముప్ఫై దాటి ఉండవు. ఎత్తీ ఎత్తగానే, "మేడమ్, మీ గొంతులో ఒక దుర్మార్గం ఉంది మేడమ్. అది మాకు కావాలి" అన్నాడు. ముప్ఫై రెండేళ్లుగా ఈ గొంతుతో ఎన్ని డబ్బింగులు చెప్పలేదు! హీరోయిన్లకి చెప్పాను, వాళ్ల తల్లులకి చెప్పాను, మాట్లాడే చిలక్కి చెప్పాను. ఊళ్లో సగం లిఫ్టుల్లో "తలుపులు మూసుకుంటున్నాయి" అనేది నేనే. ఒక్కడికీ దుర్మార్గం తగల్లేదు. ఈ మహానుభావుడికి ఫోన్లోనే తగిలింది.

సినిమా కాదట, సీరియల్ కాదట. వీడియో గేమ్. ఎదిగిన మగాళ్లు సోఫాలో వెల్లకిలా పడుకుని బొటనవేళ్లతో మనుషుల్ని చంపుకునే ఆట.

"ఆలోచించి చెబుతాను" అని పెట్టేశాను. పది నిమిషాలకి నేనే చేసి సరే అన్నాను. ఊరికే కూర్చుంటే ఒళ్లు బరువెక్కుతుందని, అంతే. రెండేళ్లుగా లిఫ్టులవాళ్లు తప్ప ఎవరూ పిలవలేదని కాదు.

మా ఆయన పేపరు దించకుండానే, "అరవాల్సి వస్తుందేమో. గొంతు పడుతుందా?" అన్నారు. లెక్కల మాస్టారుగా రిటైరై నాలుగేళ్లయింది, తప్పులు దిద్దడం మాత్రం ఇంకా రిటైరవలేదు.

గొంతు బాగానే ఉంది.

మార్చి 6

టైల్స్ షాపు పైన మూడో అంతస్తులో ఉంది వాళ్ల స్టూడియో. గోడల నిండా నల్ల స్పాంజి. మధ్యలో అద్దాల గది, అందులో మైకు, కాగితాలు పెట్టుకునే స్టాండు, ఎత్తు స్టూలు. అద్దానికి అవతల ఇద్దరు. ఫోన్ చేసినవాడే డైరెక్టరు. మొహం కనపడనంత గడ్డం. పక్కన ఆట రాసిన అమ్మాయి, దాని కళ్లజోడు దాని మొహం కంటే పెద్దది. పేర్లు చెప్పారు కానీ నాకు గడ్డం, కళ్లజోడు చాలు.

కళ్లజోడు కథ చెప్పింది. ఒక పట్నం, నడుమ కాలవ. తూర్పు గట్టున పాత ఇనపసామాన్ల యార్డు. అక్కడి ముఠాకి నాయకురాలు ఇనపక్క, అంటే నేను. పడమటి గట్టున బట్టల బజారు. అక్కడి ముఠా సూదమ్మది. ఆడేవాడు ఊరికి కొత్తగా వచ్చి ఏదో ఒక ముఠాలో చేరతాడు. ఇక కాల్పులు.

"దేనికోసం కొట్టుకుంటారు?" అన్నాను.

"కాలవ మీద వంతెన ఉంది మేడమ్. అది ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్లది."

మా అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడూ కార్యదర్శీ స్కూటర్లు పెట్టే జాగా కోసం ఆరేళ్లుగా మాట్లాడుకోవడం లేదు. వాళ్లకి తుపాకులు ఇస్తే ఇదే కథ. ఇందులో చచ్చినవాడు కూడా నిజంగా చావడు. ఆస్పత్రి గుమ్మం ముందు లేచి నిలబడి, చొక్కా దులుపుకుని మళ్లీ చావడానికి వస్తాడు. ఇంతమంది ఇంత చదువుకుని, ఏసీ గదుల్లో కూర్చుని మూడేళ్లుగా చేస్తున్న పని ఇది.

స్క్రిప్టు చూస్తే కళ్లు తిరిగాయి. సీన్లు కొన్నే. మిగతాదంతా గళ్లు, గళ్లకి నంబర్లు. "పట్టుకోండి వాణ్ణి" పద్దెనిమిది రకాలు. "దెబ్బ తగిలినప్పుడు మూలుగు" చిన్నది, పెద్దది, మధ్యరకం.

"సూదమ్మకి ఎవరు చెబుతున్నారు?" అని అడిగాను.

"ఇంకా ఖాయం కాలేదు మేడమ్" అన్నాడు గడ్డం.

మార్చి 9

ఖాయమైంది. అది.

మార్చి 10, ఆదివారం

మా చెల్లెలు అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అందుకే నిన్న ఒక్క మాటతో ఆపేశాను.

పదకొండేళ్లయింది మాటల్లేక. పెళ్లిళ్లలో ఎదురుపడితే నేను చేతులు కడుక్కోవడానికి వెళతాను. ఈ పదకొండేళ్లలో నా అంత శుభ్రమైన చేతులు చుట్టాల్లో ఎవరికీ లేవు.

జరిగింది ఇంతే. అప్పట్లో ఒక సీరియల్లో పెద్దకోడలికి తొమ్మిది వందల ఎపిసోడ్లు నేను చెప్పాను. బజారుకెళితే నా మాట విని కూరలమ్మే ఆవిడ "పెద్దకోడలు వచ్చింది" అని లేచి నిలబడేది. ఒకసారి గొంతు వాచింది. రెండు నెలలు మాట్లాడొద్దన్నారు. ఆ రెండు నెలలూ అది వెళ్లి చెప్పింది. నేను తిరిగి వెళ్లేసరికి తలుపు మూసేశారు. లోపల నా కుర్చీలో అది కూర్చుని ఉంది. లేవలేదు. ఆ సీరియల్ తర్వాత ఐదేళ్లు నడిచింది.

"మానేస్తావా?" అన్నారు ఆయన.

"నేనెందుకు మానాలి? సిగ్గుంటే అది మానాలి."

ఆయన ఏదో అనబోయి మంచినీళ్లు తాగారు.

గడ్డానికి ఫోన్ చేసి, ఆవిడతో ఒక గదిలో నిలబడను అని చెప్పాను. "ఈ పనిలో అందర్నీ విడివిడిగానే చెప్పిస్తాం మేడమ్. మీ మాటలు ఆవిడ హెడ్‌ఫోన్లో వింటారు, ఆవిడవి మీరు వింటారు. అంతే" అన్నాడు. అంతేనట.

మార్చి 14

మొదటి రోజు. మూడు గంటలు అరిచాను.

"మేడమ్, ఇప్పుడు మీరు మేడ మీంచి పడుతున్నారు" అంటాడు గడ్డం, కాఫీ తాగుతారా అన్నంత మామూలుగా. మూడంతస్తుల నుంచి పడే కేక వేరట, ఆరంతస్తుల నుంచి వేరట. కాలవలో పడితే చివర నీళ్లు మింగాలట. మంటల్లో కాలడం రెండుసార్లు చెప్పించాడు. మొదటిసారి నేను "మరీ మర్యాదగా" కాలానట.

తర్వాత సూదమ్మతో సీను. హెడ్‌ఫోన్లో దాని గొంతు వినిపించారు.

ఇప్పటికీ 'ళ'ని సగం మింగుతుంది. నాలుక ఎక్కడ పెట్టాలో అది పదిహేనేళ్ల పిల్లగా ఉన్నప్పుడు నేనే నేర్పాను. వారం రోజులు "కళ్లు, నీళ్లు, ముళ్లు" అనిపించాను. రాలేదు. ఎందరు మోశారు దాన్ని, గొప్ప ఆర్టిస్టు, గొప్ప ఆర్టిస్టు అని! ఒక అక్షరం సరిగా పలకడం రాదు.

"ఎలా ఉంది మేడమ్ ఆవిడ గొంతు?" అంది కళ్లజోడు.

"పాతబడింది" అన్నాను.

ఇంటికొచ్చి వేడినీళ్లు, ఉప్పు. ఆయన చూడకుండా.

మార్చి 15

గొంతు బాగానే ఉంది.

మార్చి 19

ఈ కళ్లజోడు రాసిన మాట ఒకటి: "సూదమ్మా, నీ రోజులు దగ్గర పడ్డాయి!" ఎవరైనా ఎవరితోనైనా ఎప్పుడైనా ఇలా అన్నారా? కోపం వచ్చిన ఆడది క్యాలెండరు చూసి మాట్లాడుతుందా?

"అమ్మాయ్, నువ్వెప్పుడైనా ఒకళ్లని అసహ్యించుకున్నావా?" అని అడిగాను.

ఆలోచించింది. "ఇంటర్లో ఒక ఫ్రెండుని, మేడమ్. వారం."

"అందుకే ఇలా ఉంది" అని పెన్ను తీసుకుని కొట్టేశాను. మైకు ముందు నిలబడి ఇలా చెప్పాను: "సూదమ్మా, నువ్వెక్కిన మెట్టు నాది. నువ్వు కూర్చున్న కుర్చీ నాది. ఆఖరికి ఆ గొంతు కూడా నాదే. నా ఎంగిలి తిని బలిసి, నాకే ఎదురొస్తావా?"

అద్దం అవతల గడ్డం లేచి నిలబడ్డాడు. కళ్లజోడు చప్పట్లు కొట్టింది. "ఎక్కణ్ణుంచి వస్తాయి మేడమ్ ఇలాంటి మాటలు?"

అనుభవం అన్నాను. పిచ్చి మొహాలు.

ఇది దాని హెడ్‌ఫోన్లోకి వెళుతుంది. వెళ్లాలి.

మార్చి 26

వెళ్లింది. తిరిగొచ్చింది కూడా.

"సూదమ్మగారు కూడా మీలాగే స్క్రిప్టు పక్కన పెట్టేశారు మేడమ్, వినండి వినండి" అని గడ్డం చిన్నపిల్లాడిలా గంతులేశాడు. పెట్టాడు.

"కుర్చీ మాట ఎత్తకు ఇనపక్కా. కూర్చోమన్నది నువ్వు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కూర్చోబెట్టింది నువ్వు. లెమ్మని ఒక్కసారి అన్నావా? అని ఉంటే ఆ నిమిషమే లేచేదాన్ని."

కేక లేదు, రంకె లేదు. బట్టలు మడతపెడుతూ మాట్లాడినట్టు చెప్పింది.

కళ్లజోడు అడిగింది: "మేడమ్, మన ఆటలో కుర్చీ ఎక్కడా లేదు కదా, ఏం కుర్చీ అని ఆవిణ్ణి అడిగాను. 'ఆవిడకి తెలుసులే' అన్నారు. మీకు తెలుసా?"

"నాకేం తెలుసు. ఆవిడకి మతి తప్పినట్టుంది."

అక్కడికక్కడే జవాబు చెప్పాను: "దొంగకి సాక్ష్యం కూడానా? నేనిచ్చిన రెండు రోజుల అరువుని జన్మంతా వాడుకున్నదానివి, నాకు మర్యాద నేర్పకు!"

ఒక్క టేకు. బయటికొచ్చి పైట భుజాల నిండా కప్పుకున్నాను. స్టూడియోలో ఏసీ ఎక్కువ పెడతారు.

మార్చి 29

అది: "అరువు కాదు ఇనపక్కా, శిక్ష. నీతో మాట్లాడకుండా పదేళ్లు బతకడం ఏ జైల్లోనూ ఉండదు."

పదేళ్లు కాదు, పదకొండు. లెక్క కూడా రాదు.

నేను: "జైల్లో ఉన్నదానివి కాస్త చిక్కాలిగా. నిన్ను చూస్తే అలా లేదే!"

గడ్డం నవ్వలేక చచ్చాడు. ఈ ఆట మొత్తంలో ఈ ఇద్దరాడవాళ్ల పోట్లాటే ప్రాణం అంటున్నాడు. ముందు అనుకున్న కాల్పుల్లో నాలుగు తీసేసి మాటలు పెంచుతాడట. నలభై ఏళ్లు ఒక కంచంలో తిన్న కసి వీళ్లకి ఊరికే దొరికింది.

ఏప్రిల్ 1

ఇవాళ అది పంపినది పూర్తిగా రాస్తున్నాను.

"అరవకు ఇనపక్కా. నీ గొంతు చిరిగిపోతోంది, నాకు వినపడుతోంది. ఇలాగే అరిస్తే ఉన్నది కూడా పోతుంది. చాల్లే, ఆపు."

"ఎంత చల్లగా బెదిరించిందో చూశారా మేడమ్!" అన్నాడు గడ్డం.

అవును, బెదిరింపే. ఎంత పొగరు! నా గొంతు సంగతి నాకు చెబుతుందా? ఆ కాస్త బొంగురు నేను కావాలని పెట్టింది. ఇనపసామాన్ల మధ్య బతికే ఆడదానికి గొంతు తేనెలా ఉంటుందా? పాత్ర అర్థం చేసుకోవడం కూడా తెలియదు దానికి.

ఆయనకి చెబితే, "బెదిరింపులాగే ఉందా నీకు?" అన్నారు.

నాకలాగే ఉంది.

ఏప్రిల్ 3

యార్డు తగలబడే సీను. ఇనపక్క తన మనుషులందర్నీ కేకేసి పిలవాలి. గడ్డం ఒక్కసారి చాలన్నాడు. నేనే ఇంకోటి అన్నాను. మళ్లీ ఇంకోటి. అది వింటుందిగా, వినాలి. నాలుగోసారి నోరు తెరిచాను. గాలి వచ్చింది.

గాలే వచ్చింది.

ఏప్రిల్ 4

ఇవాళ్టి డాక్టరు కూడా మహానుభావుడే. ముక్కులోంచి తీగ దింపి, టీవీలో నా గొంతు నాకే చూపించాడు. రెండు పక్కలా రెండు గింజలు. "ఎప్పణ్ణుంచి ఉందమ్మా ఈ బొంగురు?" అంటే వేళ్లతో రెండు వారాలు అని చూపించాను. "రెండేళ్లు" అన్నారు ఆయన పక్కనుంచి. ఆ మనిషిని ఎందుకు తీసుకెళ్లానో.

మూడు వారాలు నోరు మెదపకూడదు. గుసగుస కూడా కూడదు. తర్వాత మెల్లగా మాట్లాడుకోవచ్చు. అరవడం మాత్రం ఇక జన్మలో లేదు. అరిస్తే కత్తి పెట్టాల్సి వస్తుందట, పెట్టాక గొంతు ఎలా ఉంటుందో తను చెప్పలేడట. "పోనీ, ఇన్నేళ్లు మాట్లాడారు కదా!" అని నవ్వాడు. మేకుల్లాంటి పళ్లు.

ఆయన దారిలో ఆగి పలక కొన్నారు. బడి పిల్లల పలక. అంచుకి రంగు పూసలు.

ఏప్రిల్ 6

కోపాన్ని పలక మీద రాసి, తుడిచి, మళ్లీ రాయడమంత దిక్కుమాలిన పని ప్రపంచంలో లేదు.

పొద్దున గడ్డం ఆయనకి ఫోన్ చేశాడు. నావి ఇంకా అరవై కేకలు, చివరి సీను మిగిలాయి. నెలాఖరుకి ఇచ్చేయాలి. మా ఇద్దరి గొంతులూ దగ్గరగా ఉంటాయని వాడు కనిపెట్టాడట, ఎంత తెలివి! మిగిలిన ఇనపక్కని కూడా ఆవిడనే చెప్పమని అడిగాడు.

నేను పలక మీద రాశాను: "ఎగిరి గంతేసి ఉంటుంది."

"లేదు. చెప్పనంది" అన్నారు ఆయన. "'ఆవిడ చెప్పకుండా ఆవిడ కుర్చీలో కూర్చోను. ఒకసారి కూర్చున్నాను, చాలు' అందట."

"గడ్డం ఇంత వివరంగా చెప్పాడా?" అని రాశాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "గడ్డం కాదు. మరదలే చెప్పింది. నిన్న."

తుడిచాను. "నిన్నా?"

"నెలకోసారి ఫోన్ చేస్తుంది. నీ సంగతి అడుగుతుంది. నేను చెబుతాను. ఆరోగ్యం అదీ."

తుడిచాను. "ఎన్నాళ్లుగా?"

"పదకొండేళ్లు."

పలక సరిపోలేదు. "సొంత ఇంట్లో" అని మొదలుపెట్టేసరికి పెద్దక్షరాలకి జాగా అయిపోయింది. తుడిచి "వెన్నుపోటు" అని రాస్తే సుద్ద విరిగింది. ఆయన లోపలికెళ్లి ఇంకో సుద్దముక్క తెచ్చి నా చేతిలో పెట్టి, మళ్లీ ఎదురుగా కూర్చున్నారు, మిగతా తిట్లు చదవడానికి. నలభై ఏళ్లు పిల్లల పలకలు దిద్దిన మనిషి! "వెన్నుపోటుకి 'న'కి వత్తు రాయలేదు" అన్నారు.

పలక మంచం మీదికి విసిరేశాను. అంతకంటే ఏం చేయగలను, అరవలేను కదా.

ఏప్రిల్ 8

మార్చి పదిన రాసింది చదివాను. తలుపు మూసేశారు అని రాసి ఉంది.

తలుపు మూయలేదు.

రెండు నెలలయ్యాక వెళ్లాను. అందరూ బాగానే పలకరించారు. కుర్చీలో కూర్చున్నాను కూడా. ముందు ఎపిసోడ్ గుర్తుకి వస్తుందని సౌండాయన పాతది ఒకటి పెట్టాడు. ఆ రెండు నెలల్లో అది చెప్పినదే. పెద్దకోడలు మొగుడి సంగతి తెలిసి వంటింటి తలుపు వేసుకునే సీను. నేనైతే ఏడ్చేదాన్ని. తొమ్మిది వందల ఎపిసోడ్లూ నేను పెద్దకోడల్ని ఏడిపించాను, అందరికీ అదే ఇష్టం అనుకున్నాను. ఇది ఏడవలేదు. ఊపిరి బిగబట్టి, "పాలు పొంగాయి, చూసుకోలేదు" అంది. అంతే. నా ఒళ్లు జలదరించింది. సౌండాయన నా వంక చూడలేదు. చూడకపోవడం నాకు అర్థమైంది.

ఎవరు చెప్పినా మాకు సమ్మతమే, మీ అక్కచెల్లెళ్లే తేల్చుకోండి అన్నారు వాళ్లు. మెట్ల దగ్గర అది నా సంచీ పట్టుకుని, "రేపణ్ణుంచి నువ్వే వచ్చెయ్ అక్కా. నాకు వేరే పని చూసుకుంటాను" అంది.

అక్కడ పదిమంది ఉన్నారు. సౌండాయన, టీ ఇచ్చే ఆవిడ, ఇద్దరు ఆర్టిస్టులు. వాళ్లందరి ముందూ నేను అన్నాను: "నీ బిచ్చం నాకక్కర్లేదు. నా ఎంగిలి గొంతు వేసుకుని నువ్వే బతుకు."

ఇనపక్కకి కొత్తగా నేను రాసిచ్చింది ఏమీ లేదు.

ఇంకోటి కూడా రాస్తే పోతుంది. అదంటే నాకు కోపం అది తీసుకున్నందుకు కాదు.

ఇవాళ్టికి చాలు.

ఏప్రిల్ 9

ఆయన చేత గడ్డానికి ఫోన్ చేయించాను. మిగిలిన ఇనపక్కని ఆవిడనే చెప్పమనండి, నేను ఒప్పుకున్నానని చెప్పండి, గురువారం నేను కూడా వచ్చి అద్దం ఇవతల కూర్చుంటాను అని.

"నువ్వెందుకు?" అన్నారు ఆయన.

"పాడు చేస్తుంది" అని రాశాను.

ఏప్రిల్ 11, గురువారం

నాకంటే ముందే వచ్చి కూర్చుంది. జుట్టు సగం నెరిసింది. రంగు వేసుకోవచ్చుగా, నలుగురిలో తిరిగే మనిషి. లావయింది. నన్ను చూసి లేచింది.

"నొప్పిగా ఉందా అక్కా?"

లేదని తలూపాను. పలక తీయలేదు. పూసలున్న పలక దాని ముందు తీయలేక.

గడ్డం నన్నూ దాన్నీ మార్చి మార్చి చూశాడు. "అక్క అన్నారేమిటి మేడమ్?"

"అక్క కాబట్టి" అంది అది. నెల రోజులుగా కళ్లజోడు చప్పట్లు కొట్టినవన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టున్నాయి, మొహం ఎర్రబడింది. మొదటిసారి ఆ పిల్ల మీద కాస్త జాలి వేసింది.

అది లోపలికెళ్లింది. అరవై కేకలు. నా గొంతు పెట్టింది. బొంగురుతో సహా పెట్టింది, ఆ చివర్లో చిరిగే దగ్గర కూడా. నేను నాలుగుసార్లు వేసిన యార్డు తగలబడే కేకని అది ఒక్కసారే వేసింది. గడ్డం వేలు ఎత్తి బాగుందన్నాడు. బాగానే ఉంది. ఆరంతస్తుల కేకలో ఊపిరి ముందే అయిపోయింది, అద్దం మీద కొట్టాను. నావంక చూసి, తలూపి, మళ్లీ చెప్పింది. ఇంకో మూడుచోట్ల కొట్టాను. నాలుగోది అక్కర్లేదు, ఊరికే కొట్టాను. దానికీ తలూపి మళ్లీ చెప్పింది.

ఆఖరి సీను. వంతెన మీద ఇనపక్క తూటా తగిలి పడి ఉంటుంది. సూదమ్మ దగ్గరికొచ్చి నిలబడుతుంది. కళ్లజోడు రాసిన మాట: "నువ్వు గెలవలేదు సూదమ్మా, నేను ఓడానంతే." తూటా తగిలిన మనిషికి ఇన్ని తెలివితేటలా? గడ్డం చేతిలోంచి కాగితం లాక్కుని అది కొట్టేశాను. కింద రాశాను. రాయడానికి చాలాసేపు పట్టింది. మూడు చిన్న మాటలే. కాగితం పట్టుకుని నేనే గదిలోకి వెళ్లి స్టాండు మీద పెట్టి బయటికొచ్చేశాను.

"నీదే బాగుంది. ఆ రోజే తెలిసింది. చెప్పలేకపోయాను."

అది చదివింది. మైకు ఆన్‌లోనే ఉంది, ఊపిరి అందరికీ వినపడుతోంది. రెండోసారి చదివింది.

నేను రాస్తున్నప్పుడే కళ్లజోడు వెనకనుంచి చూసినట్టుంది, ఇవతలి మైకు నొక్కి మెల్లగా అడిగింది: "మేడమ్, 'నీదే బాగుంది' అంటే ఏంటి? తుపాకీయా?"

"వీధి అనుకో అమ్మా" అంది అది.

కాగితం మడిచి స్టాండు అంచున పెట్టింది. "ఇదొక్కటీ నేను చెప్పను" అంది, నన్ను చూస్తూ. "ఇది అక్క చెబుతుంది. గొంతు ఎలా ఉంటే అలా."

"మేడమ్, నెలాఖరుకి ఇవ్వాలి" అన్నాడు గడ్డం.

"మిగతాదంతా ఇచ్చేయండి. ఒక్క మాటకి వారం ఆగలేరా? పదకొండేళ్లు ఆగినవాళ్లు ఉన్నారు."

మొండిది. చిన్నప్పటినుంచీ అంతే. పని జరిగిపోతుందంటే అడ్డం పడాలి. నా గొంతు పెట్టి చెప్పేస్తే ఎంతలో పోయేది! అందుకేగా రాసిచ్చాను. ఆ మాట నా నోటితో చెప్పలేకేగా.

ఏప్రిల్ 16

సాధన లేదు. సాధన చేయకూడదు. మనసులోనే అనుకుని చూశాను. మనసులో బాగానే వస్తుంది.

ఏప్రిల్ 22

ఆయన నా ముందే మరదలికి ఫోన్ చేశారు. ఇక దాపరికం దేనికి అన్నట్టు, స్పీకర్లో. అది నా గురించి అడగలేదు. వాళ్లింట్లో వాషింగ్ మెషీన్ నడుస్తూ నడుస్తూ వరండాలోకి వచ్చేసిన సంగతి ఇరవై నిమిషాలు చెప్పింది. చెప్పాల్సిన దానికంటే పదింతలు చెబుతుంది. నాకు నవ్వొచ్చింది. నవ్వడం కూడా వద్దన్నాడు డాక్టరు.

ఏప్రిల్ 27

వారమంటే రెండు వారాలయింది. గడ్డం నోరెత్తలేదు. అది ముందే వాడి నోరు మూయించిందట.

నిన్న డాక్టరు మాట్లాడమన్నాడు. మొదటి మాట ఏమంటారో అని ఎదురు చూశాడు, ఏదో బిడ్డ పుట్టినట్టు. "ఫీజు ఎక్కువ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. కింద గరగర, పైన గాలి.

ఇవాళ స్టూడియో. అది అద్దం అవతల, నేను లోపల మైకు ముందు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. ముందు సూదమ్మ మాట రావాలి, దాన్ని విని నేను చెప్పాలి. సూదమ్మ మాట రికార్డు చేసిందేనని నాకు తెలుసు, అయినా తలెత్తి దాని మొహమే చూశాను. "లే ఇనపక్కా, ఇంకా అయిపోలేదు" అంది సూదమ్మ చెవిలో.

కాగితం నాకు అక్కర్లేకపోయింది.

"నీదే బాగుంది" అన్నాను. "బా" సగమే వచ్చింది. "ఆ రోజే తెలిసింది." ఇక్కడ ఆగాలని అనుకోలేదు, ఆగిపోయింది. గొంతు ఆగిందో నేను ఆగానో చెప్పలేను. మైకు పట్టే ఊపిరి అంతా పట్టింది. "చెప్పలేకపోయాను."

గడ్డం మీట నొక్కి, "అద్భుతం మేడమ్. ఎందుకైనా మంచిది, ఇంకొక్కటి, ఆ మధ్య మాట కాస్త స్పష్టంగా..."

"ఇంకోటి లేదు" అంది అది అద్దం అవతలనుంచి. వాడి చేతి మీంచి తనే మైకు నొక్కింది. "మా అక్క ఇంతకంటే స్పష్టంగా జన్మలో చెప్పలేదు. ఇదే పెట్టుకో."

కళ్లజోడు ఏడుస్తోంది. ఏ కథకి ఏడుస్తోందో దానికే తెలియాలి.

తర్వాత కింద టైల్స్ షాపు పక్కన టీ కొట్టుకి వెళ్లాం. బెంచీ ఒకటే ఉంటే ఇద్దరం సర్దుకుని కూర్చున్నాం. నన్ను ఎక్కువ మాట్లాడొద్దన్నారు కాబట్టి అదే మాట్లాడింది. వాషింగ్ మెషీన్ కథ మళ్లీ మొదటినుంచీ చెప్పింది. తన మోకాళ్లు చెప్పింది. నా చీర రంగు నాకు నప్పలేదంది. టీలో పంచదార ఎక్కువైందని నా గ్లాసు కూడా తీసుకుని వెనక్కి ఇచ్చి తిట్టి వచ్చింది. గంటసేపట్లో పనికొచ్చే మాట ఒక్కటి లేదు. "నీళ్లు" అన్న ప్రతిసారీ 'ళ' మింగింది.

ఒక్కసారి కూడా దిద్దలేదు నేను.